కొసరు ఇటుక

గుణదలలో మాది కొండ మీది సందు. రోడ్డు మీద ఆటో దిగితే అక్కణ్ణుంచి అన్నీ మెట్లే. సగం దూరంలో మెట్లు మలుపు తిరిగే చోట మా ఇల్లు. నేను అరుగు మీద కూర్చున్నానంటే పైకెళ్లేవాళ్లూ కిందకి దిగేవాళ్లూ నా కంటపడకుండా పోలేరు. నీకేమైనా జీతమిచ్చి కూర్చోబెట్టారా అని మా ఆయన తిరుపతిరావుగారు ఎగతాళి చేస్తుంటారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో షిఫ్టు దిగి వచ్చి గుర్రుపెట్టే మనిషికి సందు సంగతులు ఏం తెలుస్తాయి? నేను చూశాను కాబట్టే గంగారత్నం గది ఎలా లేచిందో ఇవాళ చెప్పగలుగుతున్నాను.

గంగారత్నం మా కొండకి చేపలమ్మి. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది, మొగుడు పోలరాజుతో, చెయ్యి పట్టుకుని నడిచే కూతురు ఉషతో బెజవాడ వచ్చేసింది. పోలరాజు మార్కెట్లో ఐసు పెట్టెలు మోసే పనికి కుదిరాడు. ఆమె తట్ట నెత్తికెత్తుకుంది. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే సరుకు వేసుకుని కింది మెట్టు దగ్గర ఒక కేక పెడుతుంది. ఆ కేకకి మా ఆయన కూడా లేచి కూర్చుంటారు, ఇక దాని గురించి చెప్పేదేముంది. అలా ఇంటింటికీ అమ్ముకుంటూ కొండ చివరి దాకా ఎక్కుతుంది. ఆమె ఇల్లు కూడా ఆ చివరే. ఒకటే గది, ముందు రేకుల పంచ.

ఆమె దగ్గర బేరం మామూలు బేరం కాదు. ధర చెబుతుంది, నేను సగానికి అడుగుతాను, ఆమె తట్ట ఎత్తుకుని పోతున్నట్టు నటిస్తుంది, నేను తలుపు వేసుకుంటున్నట్టు నటిస్తాను. చివరికి ఎక్కడో ఒకచోట కుదురుతుంది. తూకం అయ్యాక అసలు తగువు మొదలవుతుంది. అదే కొసరు. శీలావతి ముక్కల పైన పిడికెడు పరిగెలో, రెండు రొయ్యలో వేస్తే గానీ నేను గిన్నె తియ్యను. మా కొండ మీద ఏ ఇల్లాలూ తియ్యదు. తూకానికి డబ్బులిస్తాం, కొసరు మాత్రం మా హక్కు. గంగారత్నం సణుగుతుంది, మా పూర్వీకుల్ని తలుచుకుంటుంది, కానీ కొసరు వేయకుండా ఒక్కనాడు కూడా పోలేదు.

ఉషని కైకలూరు దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. వాళ్లకి చేపల చెరువులున్నాయి, మేడ ఉంది, కారు ఉంది. ఈ జనవరిలో పిల్లకి అయిదో నెల అని తెలిశాక అత్తగారు నాంచారమ్మ పళ్లూ స్వీట్లూ పట్టుకుని వియ్యపురాలి ఇంటికి వచ్చింది. నన్నూ పిలిచారు. ఆ గదిలో నలుగురం కూర్చుంటే మోకాళ్లు తగులుతున్నాయి. నాంచారమ్మ చెడ్డ మనిషి కాదు. ఉన్న మాటే, నెమ్మదిగా అంది.

"ఉష కాన్పు మా దగ్గరే కానిద్దాం వదినా. చోటు లేని చోటికి తెచ్చుకుని నువ్వు మాత్రం ఏం చేస్తావు? పైగా ఈ మెట్లు."

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. అది జరగనంత మాత్రాన ఆకాశం విరిగి పడదు గానీ, ఇన్నేళ్లు నెత్తిన మోసింది ఎవరి కోసమో ఆ తల్లికి తెలుసు. బాలింతకి తల్లి వండిన పత్యం, తల్లి పోసిన నీళ్లు, తల్లి పక్కన నిద్ర. అవన్నీ మేడ ఉన్నవాళ్లకి వెళ్లిపోతున్నాయి. అంత గొంతున్న గంగారత్నం ఆ రోజు గొంతు పెంచలేదు. ఒకటే అంది, ఏడో నెలలో సీమంతానికి రండి వదినా, అప్పటికి గది ఉంటుంది, చూసి అప్పుడే చెప్పండి అని. నాంచారమ్మ సరేనంది. అయ్యే పని కాదనుకుంటూనే అందని నాకు తెలిసిపోయింది. నేనూ అలాగే అనుకున్నాను.

గంగారత్నం ఇంటి పక్కన కొండరాయి బల్లపరుపుగా ఉంటుంది. దాని మీద గోడలు లేపితే పునాది ఖర్చు ఉండదు. ఒక పక్క ఉన్న ఇంటి గోడే, ఇంక లేవాల్సినవి మూడు. ఆమె చీటీ పాడి డబ్బు చేతికి తెచ్చుకుంది. ఆమెకి అప్పంటే పాము. కాబట్టి ఎంతవుతుందో ముందే తేలాలి, ఆ చీటీ డబ్బులోనే అవ్వాలి.

ఫోను బాగా పలికేది మా అరుగు మీదే కాబట్టి లెక్కంతా అక్కడే జరిగింది. ఆమె తమ్ముడు శివాజీ కొల్లేటి లంకల్లో తాపీ మేస్త్రి. అతను ఫోనులో అడుగుతుంటే ఈమె చెబుతోంది. గది ఎంతుందో కొలిచింది ఎలాగనుకున్నారు, రెండు చేతులూ బార్లా చాపి, బొగ్గుతో గీత పెట్టుకుంటూ. వలలు అలాగే కొలుస్తారట. మూడు గోడలూ కలిపి అయిదు బారలు, ఎత్తు బారన్నర. మా ఆయన ఊరుకోలేక టేపు పట్టుకెళ్లి మళ్లీ కొలిచొచ్చారు. జానెడు తేడా వచ్చింది. తప్పు టేపుదో చేతులదో ఎవరమూ తేల్చుకోలేదు.

శివాజీ అన్నీ అడిగాడు. గోడ తొమ్మిదంగుళాలా, నాలుగున్నరా. తలుపెంత, కిటికీ ఎంత, వాటి మేర ఇటుక తీసేయాలి. దారిలో విరిగి ముక్కల కింద పోయేవి ఎన్నో వేసుకోవాలి. ఇసుకెంత, సిమెంటు ఎన్ని బస్తాలు. మా ఆయన మధ్యలో దూరి బూడిద ఇటుకలు వేయించమన్నారు. అవి వాళ్ల స్టేషన్ బూడిదతో చేసినవే, నున్నగా ఉంటాయి, సిమెంటు తక్కువ తాగుతాయి అని, తనే వాటిని అచ్చు పోసినట్టు ఒకటే పొగిడారు. పురిటి గదికి ఎర్ర ఇటుకే కావాలంది గంగారత్నం. బూడిద ఇటుక ఎంత బరువో తర్వాత తెలిసింది, ఆ పూట ఆయన మాట నెగ్గనందుకు ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. మొత్తమ్మీద రెండున్నర వేల ఇటుక తేలింది. కట్టుబడి కూలి శివాజీ తీసుకోనన్నాడు, అక్క గదికి కూలేంటి, తన జతగాడికిస్తే చాలన్నాడు. అన్నీ కలిపి చూస్తే చీటీ డబ్బుకి సరిగ్గా సరిపోయింది. గంగారత్నం లేచి నా వంటింట్లోకి తనే వెళ్లి అందరికీ టీ పెట్టుకొచ్చింది.

లారీ వచ్చిన రోజు శివాజీ తెల్లవారి బస్సుకే దిగాడు. లారీ రోడ్డు మీద ఆగింది. ఎక్కడ దింపాలమ్మా అన్నాడు డ్రైవరు. అప్పుడు శివాజీ తలెత్తి మెట్ల వంక చూశాడు. అంతకుముందు అక్క ఇంటికి రానివాడేం కాదు, పండక్కీ పబ్బానికీ చేతులూపుకుంటూ ఎక్కినవాడే. కానీ అతను పుట్టింది, ఇటుక పేర్చింది అంతా బల్లపరుపు నేల మీద. లంకల్లో ఇటుక ట్రాక్టరులోనో పడవలోనో వచ్చి ఇంటి వాకిట్లోనే దిగుతుంది. మేస్త్రి వంగి తీసుకోవడమే. అందుకని లెక్కలో ఇటుక ఉంది, ఇసుక ఉంది, కొండ లేదు. మేమూ కట్టిన ఇల్లు కొనుక్కుని వచ్చినవాళ్లమే కాబట్టి మా బుర్రలకీ అందలేదు.

మోత కూలీల్ని అడిగితే, పై చివరి దాకా మోయాలంటే ఇటుకకి ఇటుక ధరంత అవుతుందన్నారు. వాళ్లది అన్యాయపు మాట కాదు, ఆ మెట్లు చూస్తే ఎవరైనా అంతే అడుగుతారు. లారీవాడు గుట్ట పోసి వెళ్లిపోయాడు. నేను కిందకి దిగేసరికి శివాజీ తల పట్టుకుని కూర్చున్నాడు. మోత కూలి లెక్కలో వేయలేదక్కా, నాదే తప్పు అంటున్నాడు. గంగారత్నం ఇటుకల గుట్ట వంక ఒకసారి, కొండ వంక ఒకసారి చూసింది.

"ఎక్కడానిక్కూడా డబ్బులుంటాయని నాకే తట్టలేదురా. రోజూ ఎక్కుతానే ఉన్నాగా," అంది.

ఆ మాట నా గుండెలో దిగబడింది. బెంజ్ సర్కిల్ దగ్గర బండి మీద అమ్మేవాడు చెప్పే ధరే ఈమె మా గుమ్మంలో చెబుతుంది. ఇన్నేళ్లలో తిన్న ఏ చేపలోనూ మెట్ల ఖరీదు లేదు. వేయాలని ఆమెకి తోచనే లేదు. చేప ధరలో వేయనిది ఇటుక ధరలో ఎలా వేస్తుంది? నేనెన్ని బేరాలాడానో ఆ క్షణంలో గుర్తు రాలేదు గానీ, ఆ మనిషి మెడ వంక మాత్రం కొత్తగా చూశాను. పొట్టి మెడ, గట్టిగా, కాస్త ముందుకి వంగి ఉంటుంది.

ఆ సాయంత్రమే ఆమె ఖాళీ తట్టలో ఇటుకలు పెట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. శివాజీ, జతగాడు ఇసుకా సిమెంటూ మోస్తున్నారు. పోలరాజు పని నుంచి వచ్చి తనూ ఎత్తుకుంటున్నాడు. ఎంత మోసినా గుట్ట గుట్టలాగే ఉంది. పైగా అది ఫిన్నీ ఆటో పెట్టుకునే చోటు. ఫిన్నీ మా సందు కుర్రాడే, మంచివాడే, కానీ ఆటో ఎండలో పెట్టాల్సి వస్తే ఎవరికైనా చిరాకేగా. అదీగాక ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లు. ఆ రోడ్డంతా జనంతో కిటకిటలాడుతుంది. ఆ లోపు గుట్ట తీయకపోతే మేమే తీయించేస్తామని వార్డు వాళ్లు వచ్చి చెప్పి వెళ్లారు. తీయిస్తే అవి ఎటు పోతాయో ఎవరికీ తెలియదు. గది లేదు, కూతురు రాదు. గంగారత్నం ఆ రాత్రి అన్నం తినలేదని పోలరాజు నాతో చెప్పాడు.

మర్నాడు పొద్దున కేక మామూలుగానే వినిపించింది. తట్ట దించింది. నేను మామూలుగానే బేరం ఆడాను. మానేస్తే జాలిపడినట్టుంటుందని, నిజం చెప్పాలంటే కొంత గట్టిగానే ఆడాను. తూకం అయింది. గిన్నె తీయకుండా నిలబడ్డాను. ఆమె పిడికెడు పరిగెలు వేసి, తట్ట ఎత్తుకోకుండా అక్కడే కూర్చుంది.

"అక్కా, ఈసారి నాకూ కొసరు కావాలి," అంది.

ఏంటన్నాను.

"కిందకెళ్లి వచ్చేటప్పుడు ఒక్క ఇటుక. ఒక్కటే. మా ఇంటి దాకా అక్కర్లేదు, నీకు ఓపికున్నంత మేర తెచ్చి పెట్టు. అక్కణ్ణుంచి పైకెళ్లేవాళ్లు అందుకుంటారు."

అది బతిమాలుకునే గొంతు కాదు. పరిగెల కోసం నేను నిలబడినట్టే ఆమె కూర్చుంది. ఇవ్వకపోతే లేచేలా లేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్లలో నీళ్లొచ్చాయి, రెండూ కనపడకూడదని గిన్నె తీసుకుని లోపలికి పోయాను. పాల ప్యాకెట్టు ఇంట్లో ఉన్నా ఇంకోటి తెస్తానని కిందకి దిగాను. వచ్చేటప్పుడు కొంగు మడతలో ఇటుక పెట్టుకుని ఎక్కాను. ఎన్నేళ్లుగానో ఎక్కుతున్న మెట్లు ఆ రోజు ఎంత నిటారుగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఒక్క ఇటుకకే మలుపు దగ్గరికి వచ్చేసరికి మోకాలు పీకింది. ఆమె తట్టలో అలాంటివి ఎన్ని ఇటుకల బరువు రోజూ ఉండేదో మలుపులో నిలబడి లెక్కపెట్టుకున్నాను.

ఆమె ప్రతి గుమ్మంలోనూ అదే అడిగింది. అడుక్కోలేదు, లెక్క అడిగింది. కొసరు తిననివాళ్లు మా కొండ మీద ఎవరున్నారు? ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్న నాకు కనిపించింది అంతకుముందు ఎన్నడూ చూడనిది. మెట్లెక్కుతున్న ప్రతి మనిషి చేతిలోనూ ఇటుక ఉంది. కూరగాయల సంచీలో వంకాయల మీద ఒకటి. కాలేజీ పిల్ల ఒక చేత్తో ఫోను మాట్లాడుతూ రెండో చేత్తో చంకన ఒకటి. ఆఫీసు నుంచి వస్తున్న ఒకాయన టిఫిన్ డబ్బా మీద పెట్టుకుని ఒకటి. ముసలామె ఒకామె నాలుగు మెట్లెక్కి దింపుతుంది, ఊపిరి పీల్చుకుంటుంది, మళ్లీ ఎత్తుకుంటుంది. నేను తీసుకుంటానంటే ఇవ్వలేదు. తన కొసరు తనే తీర్చుకుంటుందట. మా ఆయన షిఫ్టు దిగి వస్తూ రెండు చేతుల్లో రెండు పట్టుకొచ్చి, బూడిద ఇటుకైతే అంచులు ఇలా గుచ్చుకునేవి కావని గొణిగారు. అంతమంది వరసగా, ఒకరికొకరు చెప్పుకోకుండా, కొండని ఇటుక ఇటుకగా పైకి తోస్తున్నట్టుంది.

తమాషా ఏంటంటే పై వరసలో ఒక శాకాహారుల ఇల్లుంది. వాళ్లని గంగారత్నం అడగలేదు. చేపలు కొనని వాళ్లు కొసరు బాకీ ఎలా ఉంటారని ఆమె న్యాయం. ఆ ఇంటి పెద్దావిడకి కోపం వచ్చింది. ఇన్నేళ్లు మీ చేపల వాసన భరించాం, మాకా పాటి మర్యాద లేదా అని నా అరుగు ముందే నిలదీసింది. గంగారత్నం నవ్వి ఆవిణ్ణీ లెక్కలో కలుపుకుంది. ఆ ఇంటి నుంచి రోజూ ఇటుకలు వెళ్లాయి. ఫిన్నీ అయితే కిరాయి లేని వేళల్లా మోశాడు, ఆటో నీడకి పెట్టుకోవాలి గదక్కా అంటూ.

తిరునాళ్లకి ముందురోజు నేను దిగి చూస్తే రోడ్డు పక్కన ఎర్ర దుమ్ము, ఒక మూల చిన్న వరస ఇటుకలు మాత్రం మిగిలి ఉన్నాయి. పైన గోడ కిటికీ ఎత్తు దాటింది. శివాజీ ఇటుక పెట్టి తాపీతో తట్టినప్పుడల్లా చుట్టూ ఎవరో ఒకరు నిలబడి చూస్తున్నారు. అతను నాతో ఒక మాట చెప్పాడు. విరిగిపోతాయని వేసుకున్న ఇటుకలు విరగలేదట. తట్టలకొద్దీ మోసి ధబీమని పోస్తే ముక్కలవుతాయి, ఒక్కొక్కటీ పసిపిల్లని తెచ్చినట్టు తెస్తే ఎందుకు విరుగుతాయి? తన చేతి మీద ఇన్ని గోడలు లేచాయి గానీ ముక్క పోని గోడ ఇదే మొదటిదని అంటూ అతను గోడని అరచేత్తో నిమిరాడు.

ఆ మిగిలిన వాటితో గంగారత్నం మా మలుపు దగ్గర చిన్న తిన్నె కట్టించింది. ఉష ఎక్కేటప్పుడు కూర్చోవడానికి. అత్తగారు మెట్ల మాట ఎత్తింది కదా, అది ఆమె మర్చిపోలేదు. కింద ఇంకా నాలుగైదు ఇటుకలు ఉండిపోయాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

మార్చిలో సీమంతం. గదికి గిలాబా పూత లేదు, ఆ డబ్బులు లెక్కలో లేవు. ఎర్ర ఇటుక ఎర్ర ఇటుకలాగే ఉంది, పైన రేకులు. ఉష నెమ్మదిగా ఎక్కి తిన్నె మీద కూర్చుని మంచినీళ్లు తాగింది. పక్కనే నాంచారమ్మ పట్టుచీరలో రొప్పుతూ నిలబడింది. ఇదెప్పుడు కట్టారని అడిగింది. నేనెందుకు ఊరుకుంటాను, మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. ఆవిడ అంతా వింది. పైకి వెళ్లింది, గదిలో నిలబడింది, నాలుగు వైపులా చూసింది. గంగారత్నం పంచలో చేతులు కట్టుకుని తీర్పు కోసం నిలబడ్డట్టు నిలబడింది. నాంచారమ్మ ఇప్పుడే వస్తానని మెట్లు దిగి కిందకి వెళ్లిపోయింది.

కారెక్కి వెళ్లిపోతుందేమోనని నాకు భయమేసింది. ఉష తల్లి చెయ్యి పట్టుకుంది. చాలాసేపటికి మలుపు దగ్గర పట్టుచీర కనిపించింది. నాంచారమ్మ చేతుల్లో ఇటుక ఉంది, జరీ అంచుకి ఎర్ర మట్టి అంటుకుని ఉంది. తిన్నె దగ్గర ఆగలేదు. పైదాకా వచ్చి ఇటుకని కొత్త గది గుమ్మంలో పెట్టి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"రోజూ తట్టతో ఇంతా ఎక్కుతున్నావా వదినా?"

గంగారత్నం తలూపింది.

"పురుడు ఇక్కడే," అంది నాంచారమ్మ. "నీ ఇంట్లో భోంచేసి వెళ్తాను. ఇది నా కొసరు."

అప్పుడు గంగారత్నం ఏడ్చింది. ఆ గొంతు కేకలకే కాదు, ఏడుపుకీ పెద్దదే. కొండంతా వినిపించి ఉంటుంది.

ఎండాకాలంలో ఉషకి పాప పుట్టింది. ఆసుపత్రి నుంచి ఫిన్నీ ఆటోలోనే తీసుకొచ్చారు. మెట్ల మొదట్లో మేమంతా చేరాం. ఎండలో పాపని నేనెత్తుకుంటానంటే నేనని చేతులు చాపాం. ఫిన్నీ చాపాడు, నాంచారమ్మ చాపింది, శాకాహారుల ఇంటి పెద్దావిడ చాపింది, నేనూ చాపాను. గంగారత్నం మా అందరినీ ఒకసారి చూసి, పాపని గుండెకి ఆనించుకుని, కొంగు కప్పుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. తిన్నె దగ్గర కూడా ఆగలేదు. ఆ మోత మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.